దిండు నొక్కి చూసి కాదు, తూకం వేసి కొనండి

పోయిన దసరాకి చుట్టాలొస్తున్నారని హడావుడిగా నాలుగు దిండ్లు కొన్నాను. గాలి లాగేసి ప్లాస్టిక్ కవర్లో అప్పడాల్లా అణిచి పెట్టినవి, కవరు చింపగానే బుస్సుమని పొంగాయి, చేత్తో నొక్కితే మెత్తగా లోపలికి వెళ్ళి మళ్ళీ పైకి లేచాయి, ఇంకేం కావాలి అనుకున్నా. సంక్రాంతి నాటికి నాలుగూ మళ్ళీ అప్పడాలే. మావారు రెండేసి దిండ్లు ఒకదానిమీద ఒకటి వేసుకుని పడుకోవడం, పొద్దున్నే మెడ పట్టేసిందని మూలగడం. ఒకరోజు ఒళ్ళు మండి కత్తెర తెచ్చి కుట్టు విప్పాను. లోపల ఉన్నది మంచి తెల్లటి ఫైబరే, చెత్తేమీ లేదు. కాకపోతే తీసి వంటింటి కాటా మీద పెడితే 430 గ్రాములు. పదిహేడు బై ఇరవై ఏడు అంగుళాల దిండులో 430 గ్రాములంటే అది దిండు కాదు, గలీబులో గాలి.

అప్పట్నుంచి షాపులో దిండు నొక్కి చూడటం మానేశాను. కొత్తలో ఏదైనా మెత్తగానే ఉంటుంది. లోపల ఏముంది, ఎంతుంది, అడగాల్సినవి ఈ రెండే. మొదటిదానికి జిప్పు తీసి చూడాలి, జిప్పు లేకపోతే కుట్టు విప్పి చూపించమనాలి. రెండోదానికి కాటా కావాలి. అసలు రెడీమేడ్ కొనే బదులు సరుకు కిలోల లెక్కన తెచ్చుకుని ఇంట్లో నింపుకుంటే ఈ టెన్షనే ఉండదు. మన హైదరాబాద్‌లో పాత గల్లీల్లో ‘ఇచ్చట పరుపులు, దిండ్లు కుట్టబడును’ అని బోర్డు పెట్టుకున్న చిన్న షాపులు ఇంకా మిగిలే ఉన్నాయి. అక్కడ ఫైబరూ, దూదీ విడిగా తూచి ఇస్తారు. బట్ట జనరల్ బజార్‌లో తెచ్చుకోవచ్చు, జిప్పులూ దారాలూ బేగంబజార్‌లో డజన్ల లెక్కన చవగ్గా దొరుకుతాయి.

కొనేముందు అది ఎక్కడికో తేల్చుకోండి. తలకిందికా, సోఫాలో వీపు వెనక్కా, మీద కూర్చోవడానికా. ఈ మూడింటికీ ఒకే సరుకు పనికిరాదు. కూర్చునేదాంట్లో ఫైబర్ నింపితే నెలలో నేలకు తగుల్తారు, తలకింద గట్టి ఫోమ్ పెడితే ఇటుక మీద పడుకున్నట్టుంటుంది.

ముందు ఫైబర్ సంగతి, ఎందుకంటే ఇప్పుడు అందరిళ్ళలో ఉన్నది అదే. షాపువాళ్ళు ‘రెక్రాన్’ అంటారు. అది రిలయన్స్ వాళ్ళ బ్రాండు పేరు, ఫోటోకాపీని జిరాక్స్ అన్నట్టు ఏ కంపెనీ పాలిస్టర్ దూదినైనా అలాగే పిలిచేస్తారు, కాబట్టి ఆ మాట వినగానే నిజంగా ఆ బ్రాండే అనుకోకండి. అడగాల్సింది ‘హాలో కాంజుగేటెడ్ సిలికోనైజ్డ్’ అవునా కాదా అని. నోరు తిరగదు గానీ అర్థం తేలికే. హాలో అంటే ప్రతి పోగూ లోపల బోలుగా గొట్టంలా ఉంటుంది, గాలి నిలుస్తుంది, తేలిగ్గా ఉంటుంది. కాంజుగేటెడ్ అంటే పోగు స్ప్రింగులా మెలికలు తిరిగి ఉంటుంది, నొక్కితే మళ్ళీ లేస్తుంది. సిలికోనైజ్డ్ అంటే పైన సిలికాన్ పూత, దానివల్ల పోగులు ఒకదాని మీంచి ఒకటి జారతాయి, ఉండలు కట్టవు. పూత ఉందో లేదో చేత్తో తెలిసిపోతుంది, నున్నగా, కొంచెం జిడ్డు పట్టినట్టు జారుతుంది. పూత లేనిది గరగరలాడుతుంది, దాంతో నింపిన దిండు ఆరు నెలలకల్లా లోపల నిమ్మకాయలు పోసినట్టు తయారవుతుంది.

తర్వాత డెనియర్. తొమ్మిది వేల మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు, అంటే అంకె పెరిగేకొద్దీ పోగు లావు. ఏడు డెనియర్ది మెత్తన, తలకింది దిండుకు అది తీసుకోండి. పదిహేను డెనియర్ది బిరుసు, స్ప్రింగు ఎక్కువ, సోఫాలో ఆనుకునే కుషన్లకూ వీపు దిండ్లకూ అది. ఇవి కాక మైక్రోఫైబర్ అని ఒకటుంది, ఒక డెనియర్ కంటే సన్నం, పట్టులా ఉంటుంది, హోటల్ దిండు అని ముచ్చటపడి కొంటాం గానీ సన్నపు పోగుకు లేచే బలం తక్కువ, త్వరగా అణిగిపోతుంది. నాకైతే డబ్బు దండగ అనిపించింది.

ఎంత నింపాలి? ఇది మా ఇంట్లో నింపి, విప్పి, మళ్ళీ నింపి తేల్చుకున్న లెక్క. పన్నెండు అంగుళాల చదరపు కుషన్‌కు 200 నుంచి 250 గ్రాములు, పదహారు అంగుళాలదానికి 400, పద్దెనిమిదికి 550 దాకా. పదిహేడు బై ఇరవై ఏడు దిండుకు 750 నుంచి 900. వెల్లకిలా పడుకునేవాళ్ళకు 750 చాలు, పక్కకు తిరిగి పడుకునేవాళ్ళకు భుజానికీ చెవికీ మధ్య ఖాళీ నిండాలి కాబట్టి 900, బోర్లా పడుకునేవాళ్ళకు 500 కూడా ఎక్కువే. రెడీమేడ్ కొంటున్నా ఈ అంకెలే గుర్తుపెట్టుకుని కాటా మీద పెట్టించండి. నవ్వుతారు, నవ్వనివ్వండి. ఇంకో సంగతి, తూకం మరీ ఎక్కువున్నా అనుమానించాలి. చిన్న కుషన్ చేతిలో బరువుగా అనిపిస్తే లోపల గార్మెంట్ కత్తిరింపులూ, ఫోమ్ ముక్కలూ కూరి ఉండొచ్చు.

ఇక బూరుగు దూది. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఇష్టం కాబట్టి. మా అత్తయ్య మెత్తటి ఫైబర్ దిండు మీద ఒక్క రాత్రి పడుకుని ‘తల ఉడికిపోతోంది’ అని పక్కన పడేశారు, ఆవిడకు బూరుగు దిండే కావాలి. ఆవిడ అన్నదాంట్లో నిజముంది. బూరుగు పోగు కూడా లోపల బోలే, అది చెట్టు ఇచ్చిన హాలో ఫైబర్, పోగులో ఎక్కువ భాగం గాలే ఉంటుంది. పైన సహజంగా మైనంపూత ఉండటం వల్ల నీరు పట్టదు, అందుకే ఒకప్పుడు పడవల్లో లైఫ్ జాకెట్లలో దీన్నే కూరేవాళ్ళు. మే నెల ఎండల్లో కూడా తల కింద చల్లగా ఉంటుంది.

కానీ బూరుగు పేరు చెప్పి మిల్లు వేస్టు దూది కలిపేవాళ్ళు ఉన్నారు. కనిపెట్టడం చాలా తేలిక. చిటికెడు తీసుకుని దీపానికి వత్తి చేసినట్టు వేళ్ళ మధ్య నలపండి. పత్తి అయితే చక్కగా వత్తి అవుతుంది. బూరుగు కాదు, పోగు పొట్టి, నున్నన, మెలిపడకుండా జారిపోతుంది. దాంతో నూలు వడకరు కూడా అందుకే. రంగు కాస్త పసుపు కలిసిన తెలుపు, పట్టులా మెరుస్తుంది. మల్లెపువ్వులా తెల్లగా ఉంటే సందేహించాల్సిందే. గుప్పెట్లో పిండి చూస్తే గింజలు తగలకూడదు. గింజల్లో నూనె ఉంటుంది, వాటితోపాటే నింపితే పురుగులూ ఎలుకలూ మీ దిండు వెతుక్కుంటూ వస్తాయి. ఈ పరీక్షలేవీ చేయకుండా ‘అసలు బూరుగే అమ్మా’ అన్న మాట నమ్మి తెచ్చుకుంటే, కాయ పండుతుందని బూరుగు చెట్టు మీద కాచుక్కూర్చున్న చిలక గతే.

పదిహేడు బై ఇరవై ఏడు దిండుకు ఒక కిలో నుంచి 1,200 గ్రాములు పడుతుంది. బూరుగును వదులుగా నింపకూడదు, మొదటి నెలలోనే అణుగుతుంది కాబట్టి మొదట గట్టిగా అనిపించేట్టు కూరాలి. లోపలి గుడ్డ నేత దగ్గరగా ఉండాలి, పరుపులకు వాడే చారల గుడ్డ మంచిది, పల్చటి కాటన్‌లో నింపితే పోగులు బయటికొచ్చి పొద్దున్నే జుట్టంతా నెరిసినట్టుంటుంది. దీన్ని ఉతకడం కుదరదు. మిషన్‌లో ఏకించడం కూడా వద్దు, పోగు పెళుసు, విరిగి దుమ్మయిపోతుంది. నిప్పంటుకుంటే భగ్గుమంటుంది, దేవుడి గదిలో కింద కూర్చునే దిండుకు మాత్రం ఇది వాడకండి.

మామూలు పత్తి దూది బరువు, ఇదే దిండుకు కిలోన్నర నుంచి రెండు కిలోలు పడుతుంది. చెమట పీలుస్తుంది, పీల్చింది వానాకాలంలో ఆరదు, వాసనొస్తుంది, గడ్డకడుతుంది. తలకిందికి నేను సిఫారసు చేయను. కింద కూర్చునేవాటికీ, ఆనుకునే బాలీసులకూ మాత్రం దాన్ని మించింది లేదు. మన దగ్గర నిఖాల్లో, మెహఫిల్స్‌లో తెల్ల చాందినీలు పరిచి గోడవారన పెట్టే గావ్ తకియాలు చూడండి, మనిషి మొత్తం ఆనుకున్నా కదలవు, ఆ బరువూ బిగువూ పత్తివే. పైగా పత్తి పాడైపోయేది కాదు, రెండు మూడేళ్ళకోసారి విప్పి ఏకిస్తే మళ్ళీ కొత్తదవుతుంది. ఏకడానికి ఇచ్చేముందు తూచి ఇవ్వండి, తెచ్చుకునేటప్పుడు మళ్ళీ తూచండి. దుమ్మూ, పొడి అయిన పోగులూ పోయి కొంత తగ్గడం సహజం. బాగా తగ్గితే మాత్రం ‘అన్నా, మిగతాది ఏదీ’ అని అడగాల్సిందే.

ఇప్పుడు ఫోమ్. ఇక్కడే అందరం ఎక్కువ మోసపోతాం, నేను కూడా. దివాన్ మీదికి రెండడుగుల చదరం, నాలుగంగుళాల మందం కుషన్లు ఆరు తీసుకున్నాను, నలభై డెన్సిటీ అని చెప్పి ఆ ధరే తీసుకున్నారు. డెన్సిటీ అంటే ఒక క్యూబిక్ మీటరు ఫోమ్ ఎన్ని కిలోలుంటుందో ఆ అంకె, అంతే. అంటే మన కాటాతో మనమే లెక్కగట్టొచ్చు. పొడవు, వెడల్పు, మందం అంగుళాల్లో గుణించి, దాన్ని డెన్సిటీతో గుణించి, 61,000తో భాగిస్తే ఎన్ని కిలోలుండాలో వస్తుంది. ఇరవై నాలుగు, ఇరవై నాలుగు, నాలుగు గుణిస్తే 2,304. నలభై డెన్సిటీ అయితే ఒక్కో ముక్క సుమారు కిలోన్నర ఉండాలి. ముప్పై రెండు అయితే 1,200 గ్రాములు. ఇరవై మూడు అయితే 870. నాకిచ్చినవి ఇంటికొచ్చి తూస్తే 1,150, అంటే ముప్పై డెన్సిటీ. ‘మేడం, కోసేటప్పుడు కొంచెం అటూ ఇటూ అవుతుంది’ అన్నాడు షాపాయన. టేపు పెట్టి కొలిచి చూపిస్తే అప్పుడు మౌనం.

కూర్చునే సోఫా సీటుకు ముప్పై రెండుకు తగ్గొద్దు, రోజూ వాడేదైతే నలభై. వీపు ఆనేవాటికి ఇరవై మూడు సరిపోతుంది. డెన్సిటీ వేరు, గట్టిదనం వేరు అన్నది కూడా గుర్తుంచుకోండి. నలభైలోనే మెత్తదీ ఉంటుంది, గట్టిదీ ఉంటుంది, డెన్సిటీ చెప్పేది ఎన్నాళ్ళు మన్నుతుందన్నది. కాటాను కూడా బోల్తా కొట్టించే కిటుకు ఒకటుంది, ఫోమ్ తయారీలోనే సుద్దలాంటి పొడి కలిపి బరువు పెంచడం. అలాంటిది గట్టిగా నలిపితే పొడి రాలుతుంది, మూల పట్టుకు లాగితే బ్రెడ్డులా తెగుతుంది. రీబాండెడ్ అని రంగురంగుల ముక్కలు అతికించిన ఫోమ్ బరువు చాలా ఎక్కువుంటుంది, దానికి ఈ లెక్క వర్తించదు, అది పరుపుల అడుగు పొరకు తప్ప కుషన్లకు అనవసరం.

మెమరీ ఫోమ్ గురించి అందరూ అడుగుతారు. 1966లో నాసా కోసం విమాన సీట్ల మీద పనిచేస్తూ చార్లెస్ యోస్ట్ అనే ఇంజనీరు తయారుచేసిన సరుకు అది, ఒంటి వేడికి మెత్తబడి తల ఆకారానికి ఒదుగుతుంది. ఏసీ గదిలో బాగుంటుంది. ఏసీ లేని గదిలో ఏప్రిల్, మే నెలల్లో అది మరీ మెత్తబడి, వేడి పట్టుకుని కూర్చుంటుంది, డిసెంబరులో గట్టిపడుతుంది. లేటెక్స్ రబ్బరు పాలతో చేసేది, ఖరీదెక్కువ, మన్నిక ఎక్కువ, డబ్బుంటే కొనుక్కోండి, ఎండలో మాత్రం పెట్టకండి, పెళుసుబారి రాలిపోతుంది. బీన్ బ్యాగులో పోసే థర్మోకోల్ గుళ్ళు కుషన్లలో వద్దు, నలిగి చిన్నవైపోతాయి, జిప్పు తెరుచుకుంటే ఇల్లంతా ఊడ్చలేక చావాలి, చిన్నపిల్లలుంటే నోట్లో ముక్కులో పెట్టుకుంటారు.

పిల్లలంటే గుర్తొచ్చింది. పసిబిడ్డ తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు కుట్టి పంపే అమ్మమ్మలున్నారు, ప్రేమతోనే. కానీ పిల్లల డాక్టర్లు ఏడాది నిండేదాకా ఏ దిండూ వద్దనే చెబుతారు, ఊపిరాడకపోయే ప్రమాదం ఉంటుంది కాబట్టి. ఆవాలు పోపుల పెట్టెలో ఉండనివ్వండి.

ఇక నింపే పని. లోపలి సంచి వేరు, పైన గలీబు వేరు ఉండాలి, ఒక్క గుడ్డతో సరిపెట్టకండి. ఫైబర్ కుషన్లకు లోపలి సంచి పైదానికంటే రెండంగుళాలు పెద్దది కుట్టండి, అంటే పదహారు కవరుకు పద్దెనిమిది సంచి, అప్పుడే మూలలు కుక్క చెవుల్లా వేలాడవు. సంచి తిరగేసి మూడు వైపులా రెండు వరసలు కుట్టు వేసి, నాలుగో వైపు జానెడు ఖాళీ వదలండి. మూటలోంచి ఫైబర్ తీసి ఉన్నపళాన కూరేయకండి, అది నొక్కుకుని ఉంటుంది, చేత్తో పొరలు పొరలుగా విడదీయండి, అటుకులు చెరిగినంత ఓపికగా, కావాలంటే టీవీ చూస్తూ చేయండి, ఒక్కో దిండుకు అరగంట పడుతుంది గానీ ఫలితమంతా ఇందులోనే ఉంది. ముందు నాలుగు మూలలు నింపాలి, చపాతీ కర్రతో నెట్టొచ్చు. తర్వాత అంచులు, చివర నడుమ. మధ్యలో గుప్పెడు గుప్పెడు ఉండలుగా వేస్తే ఆ ఉండలు జన్మంతా అలాగే ఉంటాయి. వీపు దిండు పెద్దదైతే సంచిని నిలువునా మూడు అరలుగా కుట్టి ఒక్కో అర విడిగా నింపండి, లేకపోతే సరుకంతా కిందికి జారి పొట్టలా కూర్చుంటుంది.

బూరుగు నింపేటప్పుడు ఫ్యాన్ ఆపండి. నేను మర్చిపోయాను, ఆ రోజు హాలంతా హిమాలయమే, వారం రోజులపాటు పప్పులో కూడా దూది వచ్చింది. కిటికీలు మూసి, ముక్కుకు తడి గుడ్డ కట్టుకుని, పెద్ద ప్లాస్టిక్ సంచిలో దూది పోసి దాని మూతికి దిండు మూతి బట్టల క్లిప్పులతో బిగించండి. సంచి బయటినుంచే నెడుతుంటే దూది నేరుగా దిండులోకి పోతుంది.

ఫోమ్ అయితే కవరు కంటే పొడవూ వెడల్పూ అరంగుళం చొప్పున పెద్దగా కోయించండి, ఇంట్లో కోయాలంటే కొత్త ఆక్సా బ్లేడు చాలు. పైన ఒక పొర ఫైబర్ షీట్ చుట్టండి, మూలల దగ్గర గుండ్రంగా, షాపులోలా ఉంటుంది. కవర్లోకి దూరనని మొరాయిస్తే ఫోమ్‌ను పల్చటి ప్లాస్టిక్ కవర్లో పెట్టి తోయండి, సర్రున జారుతుంది, తర్వాత ప్లాస్టిక్ లాగేయండి.

ఉతకడం ఫైబర్‌కే. తక్కువ సర్ఫుతో ఉతికి, రెండు రోజులు పూర్తిగా ఆరనివ్వాలి, నడుమ తడి మిగిలితే వాసన పట్టేస్తుంది, కాబట్టి వానాకాలంలో ఆ పని పెట్టుకోకండి. దూది దిండ్లకు మాత్రం ఎండే మందు. మార్చి నుంచి మే దాకా డాబా మీద చాప వేసి, మధ్యాహ్నం ఒకసారి తిరగేసి, సాయంత్రం కర్రతో నాలుగు తట్టండి. దిండు ఇంకా వేడిగా ఉండగానే గలీబు తొడగకండి, నీడన చల్లారనివ్వండి. ఫైబర్ దిండును రెండుగా మడిచి వదలండి, లేచి తెరుచుకుంటే ఇంకా ప్రాణముంది, మడిచిన చోటే ఉండిపోతే ఆ ఫైబర్ తీసి కింద కూర్చునే కుషన్లో పత్తితో కలిపేయొచ్చు.

మా అత్తయ్య బూరుగు దిండు మూడేళ్ళ కింద నింపినప్పుడు 1,100 గ్రాములు. మొన్న ఏప్రిల్‌లో ఎండబెట్టి తూస్తే 940 ఉంది, ఆవిడకు చెప్పకుండా 150 గ్రాములు కలిపి కుట్టేశాను. మర్నాడు పొద్దున కాఫీ కూడా తాగకుండా అడిగారు, ‘నా దిండు ఎవరు ముట్టుకున్నారే?’